డ్రై క్లీన్ ఓన్లీ

మా పాప బారసాలకి వచ్చిన గౌన్లలో ఒకదాని మెడ వెనక చిన్న చీటీ కుట్టి ఉంది. ‘డ్రై క్లీన్ ఓన్లీ.’ దాని కిందే సైజు: సున్నా నుంచి మూడు నెలలు.

ఆ రెండు ముక్కలూ ఒకదాని కింద ఒకటి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మూడు నెలల లోపు మనిషికి ఉన్న పనులేమిటి? పాలు తాగడం. తాగినవాటిలో కొన్ని పైనుంచి తిరిగిచ్చెయ్యడం, మిగిలినవి కిందనుంచి పంపించెయ్యడం. ఈ రెండిటికీ మధ్య కాస్త నిద్ర. మా పాప రోజుకి పద్నాలుగుసార్లు గుడ్డ తడుపుతుంది. పద్నాలుగుసార్లూ అమలాపురం డ్రై క్లీనింగుకి పంపాలంటే మా ఆయన ఉద్యోగం మానేసి ఆ కొట్టు పక్కనే గది అద్దెకి తీసుకోవాలి. అయినా ఆ గౌను కుట్టినవాణ్ణి నేను తప్పుపట్టను. కొనేవాళ్ళని చూసి కుట్టాడతను. కొనేవాళ్ళు పక్క తడపరు కదా!

నా పురుడు మే నెలలో, పుట్టింట్లో, అమలాపురం దగ్గర ఊళ్ళో. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అది రాజమండ్రి వాళ్ళ మాట. అక్కడ 45 డిగ్రీలు దాటిన రోజున రేవు మెట్ల మీద కాలు పెడితే కాలు అక్కడే ఉండిపోతుంది. మా కోనసీమలో రోళ్ళు పగలవు, చెమట పట్టి చేతిలోంచి జారిపోతాయి. ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ గోదావరి పాయలు, మధ్యలో కాలవలు, కాలవల మీదకి వంగిన కొబ్బరిచెట్లు. సినిమావాళ్ళకి ఇది అందం. బాలింతకి ఇడ్లీపాత్ర.

ఆ పాత్రలో నేనూ పాపా రెండు రేకులం. నా చెవుల్లో దూది, తలచుట్టూ తువ్వాలు, నడుముకి నడికట్టు. కిటికీలు బిగించేశారు. ఫ్యాను ఒకటో నంబరు మీద, అదీ కరెంటు ఉంటే. పాపకి ముందొక జబ్లా, దాని మీద స్వెట్టరు, నెత్తిన ఊలు టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, చేతులకి తొడుగులు, అన్నిటి మీదా దుప్పటి. తాపేశ్వరం మడత కాజాకి కూడా అన్ని పొరలుండవు. కాజాకి పాకం వేరే పట్టాలి. మా పాప తన పాకంలో తనే నానింది.

“దాని చేతులు చూడవే, ఐసుముక్కల్లా ఉన్నాయి” అంటుంది మా మామ్మ. మామ్మకి ఎనభై దాటాయి. మా ఇంట్లో వాతావరణ శాఖ ఆవిడే. బయట ఎండెంతన్నది లెక్కలోకి రాదు, పాప అరచెయ్యి తాకి రోజూ చలి హెచ్చరిక జారీ చేస్తుంది. ఆ హెచ్చరిక వెలువడగానే మా అమ్మ ఇంకో దుప్పటి తెస్తుంది. పాప ఏడుస్తుంది. “చూశావా, చలేస్తోంది పాపం” అని ఇద్దరూ ఒకే గొంతుతో అంటారు. ఏడుపు ఎక్కువైతే చలి ఎక్కువైందన్నమాట. పాప అలిసిపోయి ఏడుపు ఆపేస్తే, దుప్పటి పనిచేసిందన్నమాట. ఎటు చూసినా దుప్పటిదే గెలుపు. ఇంత పకడ్బందీ తర్కం నేను ఇంజనీరింగు కాలేజీలో కూడా చూడలేదు.

పన్నెండో రోజున పాప మెడ మడతల్లో, వీపు మీద ఎర్రగా చెమటకాయలు. పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ దుప్పటి తీశారు. టోపీ తీశారు. స్వెట్టరు తీశారు. తీసినవన్నీ బల్ల మీద గుట్ట వేసి “ఇంకెన్నున్నాయమ్మా?” అనడిగారు. ఉల్లిపాయలో గింజ వెతుకుతున్నట్టుంది ఆవిడ మొహం. చివరికి లోపల పాప దొరికింది.

ఆవిడ చెప్పినది రెండు నిమిషాల మాట. చంటిపిల్లల చేతులూ కాళ్ళూ కాస్త చల్లగా ఉండడం మామూలే, రక్తప్రసరణ ఇంకా కుదురుకోకపోవడం వల్ల. చలో వేడో తెలియాలంటే మెడ వెనకో, రొమ్ము మీదో వేళ్ళు పెట్టి చూడాలి. అక్కడ గోరువెచ్చగా పొడిగా ఉంటే సరిపోయినట్టే. తడిగా జిడ్డుగా ఉంటే బట్ట ఎక్కువైనట్టు. ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంత ఎండలో ఒక పొర నూలుగుడ్డ చాలు. పిల్లలు ఒంట్లో ఎక్కువైన వేడిని తలలోంచి కూడా వదులుతారు కాబట్టి ఇంట్లో టోపీ అక్కర్లేదు. చుట్టినా కాళ్ళు తిన్నగా లాగి బిగించకూడదు, తుంటి కీళ్ళు దెబ్బతింటాయి. నిద్రలో మొహం మీదకి జారే దుప్పటి అసలొద్దు. ఒళ్ళు మరీ వేడెక్కడం, మెత్తటి పరుపుల్లో ముక్కు కూరుకుపోవడం చంటిపిల్లల ప్రాణానికే ప్రమాదం.

మేం శ్రద్ధగా తలలూపాం. ఇంటికొచ్చాక మామ్మ తీర్పు చెప్పింది. “ఆవిడకేం, ఏసీలో కూచుని చెబుతుంది.” ఏసీలో కూర్చున్నావిడే చలి లేదంటోంది కదా మామ్మా అన్నాను. బాలింతలు ఎక్కువ మాట్లాడితే చెముడు వస్తుందంది.

ఇక్కడ ఒకమాట ఒప్పుకోవాలి. మామ్మ చలిభయాన్ని నేను ఎంత ఎటకారం చేసినా అది గాల్లోంచి ఊడిపడింది కాదు. మామ్మ ఆరుగుర్ని కంది. పురిటిగదికి తాటాకు కప్పు, మట్టి గచ్చు. శ్రావణంలో ముసురు పట్టి, గోదావరికి నీళ్ళొచ్చి, కాలవ గట్టు దాకా తడిసిపోయిన రోజుల్లో ఒక పిల్లాడు పుట్టాడు. వాడు చాలా చిన్నగా పుట్టాడట. తూకం వేసినవాళ్ళు లేరు. “అరచేతిలో పట్టేవాడు” అని మాత్రం చెబుతుంది. తొమ్మిదో రోజున ఒళ్ళు చల్లబడిపోయిందట. తక్కువ బరువు పిల్లలకి చలి నిజంగానే ప్రాణాంతకం. పుట్టగానే తడి తుడవడం, వెంటనే తల్లి ఒంటికి ఆనించడం, మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆపడం ఇప్పటి ఆసుపత్రుల్లో అందుకే. మామ్మ మే నెలలో స్వెట్టరు తొడుగుతున్నది మా పాపకి కాదేమో, ఆ పిల్లాడికేమో. అంచేత మామ్మని వదిలేస్తున్నాను.

అన్నట్టు, అలాంటి అరచేతి పిల్లలకి డాక్టర్లు తొడిగించే ఖరీదైన బట్ట ఒకటుంది. 1978లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే పిల్లల వైద్యుడు దాన్ని మొదలుపెట్టాడు. పిల్లకి గోచీ, టోపీ, మేజోళ్ళు తప్ప అన్నీ విప్పేసి తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, పైన ఒక గుడ్డ కట్టెయ్యడం. కంగారూ పద్ధతంటారు. ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో కూడా చేయిస్తున్నారు. ఆ బట్ట పేరు అమ్మ ఒళ్ళు. జరీ ఉండదు, చమ్కీలుండవు. అందుకే ఫొటోకి పనికిరాదు.

మామ్మని వదిలేశాక మిగిలింది మేం. చదువుకున్నవాళ్ళం, సెల్లులో అన్నీ చూసుకునేవాళ్ళం.

మన ఇళ్ళల్లో పాత పద్ధతి ఒకటుంది. పురుడు వెళ్ళేదాకా పిల్లకి కొత్తబట్ట తొడగరు. ఇంట్లో ఆడవాళ్ళు కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర, తాతగారి నీరుకావి పంచె, వీటిని చింపి, మరిగే నీళ్ళలో వేసి, ఎండలో పెళపెళలాడేలా ఆరేసి మడతలు పెడతారు. పొత్తిగుడ్డలు. ‘పొత్తిళ్ళలో బిడ్డ’ అనే మాట వాటిలోంచే వచ్చింది. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది, గరుకు ఉంటుంది, రంగు పోతుంది. పాతగుడ్డకి ఆ బాధలన్నీ ఎప్పుడో తీరిపోయాయి. పైగా అది వేలసార్లు గాలి తిన్న గుడ్డ, ఊపిరాడుతుంది. తడిస్తే పీల్చుకుంటుంది, చిరిగితే బెంగ లేదు. మామ్మ ట్రంకుపెట్టెలో ఇలాంటివి దొంతర్లు దొంతర్లుగా ఉన్నాయి, అన్నీ మా పక్క ఊరు బండారులంక మగ్గాల మీద నేసిన చీరలవే.

నేనేం చేశానంటే, ఏడో నెలలోనే ఆన్‌లైన్‌లో ‘మస్లిన్ స్వాడిల్’ అని మూడు గుడ్డలు తెప్పించాను. పన్నెండు వందలు. అట్టపెట్టె మీద రాసిందేమిటంటే: వదులు నేత, గాలి ఆడుతుంది, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. మామ్మకి చదివి వినిపించాను. “మరి ఉతికి అమ్మొచ్చుగా?” అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. సరిగ్గా గుడ్డ విషయంలో మామ్మ నూటికి నూరు పాళ్ళూ రైటు. పొరల విషయంలో తప్పు. మేం ఏం చేశాం? ఆవిడ దగ్గర్నుంచి పొరలు తీసుకున్నాం, గుడ్డ వదిలేశాం. డాక్టరుగారి దగ్గర్నుంచి చెమటకాయల పౌడరు చీటీ తీసుకున్నాం, ఆవిడ మాట వదిలేశాం. రెండు కాలాల్లోని తెలివినీ వడగట్టి పిప్పి ఉంచుకున్న తరం మాది.

ఆ పిప్పికి బారసాల ఒక పండగ.

ఇరవై ఒకటో రోజు. ఉయ్యాలకి చామంతులూ మల్లెలూ, పందిట్లో ప్లాస్టిక్ పూల గోడ, దాని మీద వెలిగే దీపాల అక్షరాల్లో పాప పేరు. పేరు ఇంకా పెట్టలేదు, తాతగారు బియ్యంలో రాయాలి, కానీ కరెంటుతో ముందే రాసేశారు. పాప కోసం బారసాల గౌను ముందే ఎంచి ఉంచాం. దంతం రంగు నెట్టు గౌను, కింద ఆరు వరసల కుచ్చులు, లోపల బిగువుగా ఉండడానికి గరుకు జాలీ, నడుముకి ఇలాస్టిక్, వీపున చైను, భుజాల మీద రెక్కలు. పాప బరువు మూడు కిలోల చిల్లర. గౌను బరువు తూచలేదు కానీ, ఎత్తుకున్నవాళ్ళందరికీ పాప కన్నా ముందు గౌనే చేతికి తగిలింది.

తలకి బాండు ఒకటి. పాపకి ఒక్క వెంట్రుక లేదు. బోడిగుండుకి ఇలాస్టిక్ పట్టీ, దాని మీద గులాబి. జుట్టు మొహమ్మీద పడకుండా పెట్టుకునే వస్తువది. పడే జుట్టు లేనివాళ్ళకి ఎందుకని అడిగితే “ఆడపిల్లని తెలియద్దూ?” అంది కాకినాడ పిన్ని. తెలియకపోతే పాపకి వచ్చే నష్టమేమిటో నాకు అంతుపట్టలేదు.

తొమ్మిది గంటలకి తొడిగాం. మా ఆయన సాయం చేశారు. సాఫ్ట్‌వేరు మనిషి. గౌను లోపల తొడిగే కాళ్ళ జబ్లాకి టిచ్ బటన్లు ఎనిమిది. ఆయన కింది నుంచి పైకి పెట్టుకుంటూ వెళ్ళారు. పైన ఒక బటను మిగిలింది, దానికి జోడీ లేదు. అన్నీ ఊడదీసి పైనుంచి కిందికి పెట్టారు. కింద ఒకటి మిగిలింది. రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో ఉన్నాయని మూడోసారికి కనుక్కున్నారు. “డిజైన్‌లోనే లోపం ఉంది” అన్నారు. అల్లుడుగారన్నారు కాబట్టి ఇల్లంతా ఔనంది. చెయ్యి దూర్చేటప్పుడు పిల్ల చెయ్యి పట్టి లాగకూడదు, మనమే చొక్కా చేతిలోకి వేళ్ళు పోనిచ్చి అటునుంచి దాని పిడికిలి అందుకోవాలి. ఇది మా అమ్మ నేర్పిన ఒడుపు. ఎన్ని వందలు పోసి కొన్న గౌను మీదా రాసి ఉండదిది.

తొమ్మిదిన్నరకి భీమవరం పెద్దమ్మ వచ్చింది. పాపని చూసి ముద్దులాడింది. ఆపైన మెల్లగా, “ఏవే, నే పంపించిన గౌను ఎయ్యలేదేంటే? నచ్చలేదా? నచ్చకపోతే చెప్పు, మార్పించి తెత్తాను. ఏటి మొహమాటం!” గోదావరి జిల్లాల్లో మొహమాటం లేదని చెప్పేవాళ్ళ దగ్గరే అసలు మొహమాటం పడాలి. గదిలోకి తీసుకెళ్ళి పెద్దమ్మ గౌను తొడిగాను. ఎర్ర ముఖమలు, దాని మీద చమ్కీలు.

పావుగంటకి రావులపాలెం అత్తయ్య. అత్తింటివైపు మనిషి. అత్తయ్య నోరు విప్పలేదు. పాప ఒంటి మీది ముఖమలు వైపు ఒకసారి, పందిట్లో ఉన్న పెద్దమ్మ వైపు ఒకసారి చూసింది. చాలు. మా అమ్మ పరుగున వచ్చి నా చెవిలో, అంటే దూదిలో, “అత్తయ్యగారిది వెయ్యవే తల్లీ, మాటొస్తుంది” అంది. అత్తయ్యది పట్టు లంగా, జాకెట్టు. ఇరవై ఒక్క రోజుల పిల్లకి జాకెట్టు! వెనక హుక్కులు. ఆ హుక్కులు పాప పడుకునేది వీపు మీద కదా అన్న సంగతి తెలియని దర్జీ కుట్టినవి.

ఇలా పన్నెండింటి దాకా ఏడు గౌన్లు మార్చాను. ఎవరు వస్తే, ఎవరు వస్తున్నారంటే వాళ్ళ గౌను. నాటకాల్లో వేషగాళ్ళకి కూడా తెర వెనక ఊపిరి తీసుకునే సమయం ఇస్తారు. ఐదో గౌను సగంలో ఉండగా పాప తన సొంత అభిప్రాయం బయటపెట్టింది, వెచ్చగా, పసుపుపచ్చగా, కుచ్చుల నిండా. అది అమలాపురం మేనత్త గౌను. ఆవిడ ఇంకా పందిట్లోకి రానే లేదు. వచ్చాక ‘గౌను ఎంతో నచ్చి పొద్దున్నే వేసేశాం, అందుకే ఉతకాల్సొచ్చింది’ అని చెప్పాం. ఎంత సంతోషించిందో! ఆ రోజు మొత్తంలో నిజంగా సంతోషించింది మేనత్త ఒక్కతే.

ఎద్దుపుండు కాకికి ముద్దు అంటారు. ఆల్బమ్‌లో ఏడు గౌన్ల ఫొటోలూ ముద్దుగానే ఉన్నాయి. పాప మెడ ఫొటో ఎవరూ తియ్యలేదు.

ఇంతకీ ఈ గౌన్లు దేంతో చేసినవి? నెట్టు, జాలీ, చమ్కీ, ముఖమలు, దాదాపు అంతా పాలియెస్టరే. తేలిగ్గా చెప్పాలంటే, మెరిసే ప్లాస్టిక్. చెమట పీల్చదు, గాలి పోనివ్వదు. ఆ ప్లాస్టిక్‌ని ఏ ఊళ్ళో తొడుగుతున్నామో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన దొరగారి పేరు కాటన్. ఊరూరా ఆయనకి విగ్రహం పెట్టి దండలేస్తాం. కాటన్ని సెంటర్లో నిలబెట్టి, పాలియెస్టర్‌ని పిల్లకి తొడిగాం. దొరగారు పాపం నడివేసవిలో కూడా పెద్ద కోటుతోనే నిలబడి ఉంటారు. ఆయన్ని చూసే నేర్చుకున్నామేమో పిల్లల్ని ముస్తాబు చెయ్యడం. ఆయనైతే విగ్రహం, చెమటపట్టదు.

ఇంకొంచెం దూరం, వశిష్ఠ గోదావరి రేవు దాటండి. నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో గుడ్డ కొని ఓడెక్కించే కొట్టు. ఆ ఊరి నుంచి వెళ్ళిన మెత్తటి నూలుగుడ్డకి ఊరి పేరే పడింది. నోరు తిరక్క ‘మదాపొలం’ అన్నారు. ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ఫ్రెంచి నిఘంటువుల్లోనూ ఆ మాట ఇప్పటికీ ఉంది. లోదుస్తులకీ, సన్నటి కుట్టుపనికీ వాడే గుడ్డ అది. ఒంటికి మెత్తగా తగలాల్సిన బట్ట కావలసి ఒక కాలంలో యూరపు మన రేవుకి వచ్చింది. ఆ రేవులో ఇప్పుడు పంటు దిగి జనం బారసాలకి నెట్టు గౌన్లు పట్టుకెళుతున్నారు.

అక్కడే లేసుపని కూడా. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నరసాపురం ప్రాంతంలో నేర్పిన అల్లిక. నూలుదారం, ఒక కొక్కెం సూది, అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు. ఆ లేసు కూలి మీద జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే తెచ్చింది. ఇంటిపని చేసుకుంటూ తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారనే పేరుతో, గంటల తరబడి చేసే పనికి ఎంత తక్కువ కూలి ముట్టజెబుతున్నారో రాసింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విదేశాలకి ఎగుమతి అయ్యేవాటిలో పిల్లల కుళ్ళాయిలు, గౌన్లు, మెడపట్టీలు కూడా ఉంటాయి. నూలు లేసు, గాలి ఆడే కన్నాలు. అచ్చం మన ఎండకి పుట్టిన బట్ట. మంచుకురిసే దేశాల పిల్లలు మన లేసు తొడుక్కుంటుంటే, లేసు అల్లినావిడ మనవరాలు సూరతు చమ్కీలో ఉడుకుతోంది. ఆవిడకి వచ్చే కూలికి తను అల్లిన కుళ్ళాయి తనే కొనుక్కోగలదా అన్నది మరో వ్యాసం.

విదేశాల మాట వచ్చింది కాబట్టి మా అన్నయ్య పార్సెలు గురించి చెప్పాలి. డల్లాస్ నుంచి పంపాడు. పాదాలతో సహా కుట్టేసిన పైజమాలు, మెడ నుంచి మడమదాకా చైను, లోపల బొచ్చు. ఒక పైజమాకి పసుపుపచ్చటి చీటీ వేలాడుతోంది. అక్కడి చట్టం ప్రకారం తొమ్మిది నెలల సైజు దాటిన పిల్లల రాత్రి బట్టలు నిప్పు తొందరగా అంటుకోనివై ఉండాలి, లేదంటే ఒంటికి బిగుతుగా అతుక్కుని ఉండాలట. చలిమంటలూ గదిలో హీటర్లూ ఉన్న దేశానికి మంచి చట్టమే. మా అన్నయ్య ఫోను చేసి “వేశారా? బిగుతుగా ఉందా?” అని అడిగాడు. మా అమ్మ “చక్కగా ఉందిరా” అని చెప్పింది. ఆ పైజమా ఇప్పుడు ఆవకాయ జాడీకి తొడుగు. చైను లాగితే మూత దాకా వస్తుంది. అదే ఫోనులో వదిన అడిగిందేమిటో తెలుసా? “అత్తయ్యగారూ, ఈసారి ఎవరైనా వస్తుంటే పాత నూలుచీరలు నాలుగు పంపండి, మావాడికి ఒళ్ళంతా దద్దుర్లు.”

ఇక ఫొటోల సంగతి. తెలుగువాళ్ళం పిల్లల ఎదుగుదలని వంటల్లో కొలుచుకునేవాళ్ళం. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పిల్ల తన పని తను చేసుకునేది, ఊరు తినేది. పిల్లకి ఆ పండగలో ఇబ్బందేమీ లేదు, అసలు పండగని కూడా తెలియదు. ఇప్పుడు బోర్లా పడితే ఒక వేషం, కూర్చుంటే ఒక వేషం. నెల నెలా పుట్టినరోజట! మొదటి నెలలో పిల్లని ఊలు సంచీలో కుక్కి, వెదురుబుట్టలో పెట్టి, గడ్డం కింద దాని రెండు చేతులూ మడిచి పెడతారు. రెండో నెలలో జలకన్య, ఊలు తోకతో. అన్నప్రాశన నాటికి కృష్ణుడు: పట్టుపంచె, కిరీటం, నెమలీక, పక్కన కుండ, కుండలో దూది వెన్న. యశోద ఇంట్లో అసలు కృష్ణుడు ఒంటి మీద నూలుపోగు లేకుండా మట్టిలో దొర్లాడని కదా కథ! నిజంగా కృష్ణుడి వేషమే వెయ్యాలంటే మొలతాడు చాలు, ఖర్చు పది రూపాయలు.

మా ఇంటికి వచ్చిన ఫొటోగ్రాఫరు కుర్రాడు కొత్తగా ‘కోనసీమ థీమ్’ అన్నాడు. కొబ్బరికాయల రాశి మధ్య అరిటాకు పరిచి పాపని పడుకోబెడతాడట. “సహజంగా ఉంటదండి ఆయ్.” అరిటాకు వరకు నాకు నచ్చింది, చల్లగా ఉంటుంది. “అయితే బట్టల్లేకుండా తీసెయ్యండి, ఇంకా సహజం” అన్నాను. “అబ్బే, అలా కుదరదండి, ఫర్ కాలర్ కోటు తెచ్చానండి.” కొబ్బరితోటలో ఫర్ కాలర్! ఉత్తరధ్రువం ఎలుగుబంటి తాటిముంజెలు తింటున్నట్టు.

“పిల్లకి ముచ్చట తీర్చుకోవద్దా?” అంటారు నా మీద కోపం వచ్చినవాళ్ళు. తీర్చుకోండి. మన పూర్వీకులకి ముచ్చట తక్కువా? వాళ్ళు పిల్లకి వెండి మొలతాడు కట్టారు, కాళ్ళకి మువ్వలు పెట్టారు, ఉన్నవాళ్ళు ఆడపిల్లకి రావి ఆకంత సిగ్గుబిళ్ళ వేలాడదీశారు. బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. గమనించండి, ఇన్ని అలంకారాలు చేసి కూడా ఒంటికి గాలి అడ్డం పెట్టలేదు. మొలతాడు మరీ తెలివైన వస్తువు. పిల్ల ఒళ్ళు చేస్తున్నకొద్దీ ముడి సడలిస్తూ పోతే చాలు, పుట్టిన పిల్ల ఐదో నెలకి బరువు రెట్టింపైనా, ఏడాదికి మూడింతలైనా అదే సరిపోతుంది. మా పాప గౌన్లలో రెండోసారి పట్టినవి మూడు. తక్కినవి చీటీలతో సహా బీరువాలో ఉన్నాయి.

బారసాల అయిన రాత్రి పదింటికి కరెంటు పోయింది. అందరూ వీధిలో మంచాలు వేసుకుని పడుకున్నారు. మామ్మ నా గదిలోకి వచ్చింది, చేతిలో తాటాకు విసనకర్ర. ఏమీ మాట్లాడలేదు. పాప ఏడో గౌను తనే విప్పింది. చెమటకాయల మీద పౌడరు వెయ్యలేదు, తడిగుడ్డతో అద్ది, ఆరనిచ్చి, ట్రంకుపెట్టెలోని చీరముక్క ఒకటి పరిచి దాని మీద పడుకోబెట్టింది. ఇంకేమీ కప్పలేదు. విసురుతూ కూర్చుంది. “చలి చెయ్యదా మామ్మా?” అన్నాను, పొద్దుటి కోపం ఇంకా పోక. “నోర్మూసుకుని పడుకోవే, దాన్ని నిద్రపోనీ” అంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ స్వెట్టరు తొడిగిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంతా రాశాక నా సంగతి కూడా చెప్పాలి. వచ్చే ఆదివారం కొత్తపేటలో మా చిన్ననాటి స్నేహితురాలి కొడుక్కి బారసాల. ఉత్తచేతుల్తో వెళ్ళలేం కదా. బండారులంక వెళ్ళి నాలుగు గజాల నూలుగుడ్డ కొని, ఉతికి, మెత్తబరిచి, ముక్కలు చేసి ఇద్దామనుకున్నాను. మా అమ్మ నవ్వింది. “పాతగుడ్డలు పట్టుకెళితే ఏవనుకుంటారే?” నిజమే, ఏమనుకుంటారు?

బీరువా తీశాను. సున్నా నుంచి మూడు నెలలు, ముట్టుకోని గౌను. మగపిల్లాడికి గౌనేమిటంటారా? తొందరపడకండి, దాంతోపాటే అదే కొట్టువాళ్ళది షేర్వానీ కూడా ఒకటి వచ్చింది, పాప పుట్టకముందే ఎవరో ధైర్యంగా కొనేసింది. బంగారు బొత్తాలు, కాలరు నిలువుగా. ధర చీటీ జాగ్రత్తగా తీసేసి, రంగుకాగితంలో చుట్టాను. మెడ వెనక డ్రై క్లీన్ చీటీ మాత్రం ఉంచేశాను, కొత్తదని తెలియాలి కదా.